పాడైన ఫొటోను చదవడం: ఎక్స్‌పోజర్, ఫోకస్ నేర్చుకునేవారికి మార్గదర్శి

కెమెరా కొన్న మూడో నెలలో మా పిన్ని కొడుకు పెళ్లికి వెళ్లి ఆరు వందలకు పైగా ఫొటోలు తీశాను. మరునాడు కంప్యూటర్‌లో తెరిచి చూస్తే, మాంగల్యధారణ ఫొటోలో మధుపర్కాల తెలుపు బూడిదరంగుకు తిరిగి మండపమంతా చీకటిగా ఉంది. తలంబ్రాల ఫొటోలో బియ్యం గింజల్లా కాక పసుపు గీతల్లా కనిపించింది. జీలకర్ర–బెల్లం ఫొటోలో పురోహితుడి చెవి వెంట్రుకలతో సహా స్పష్టంగా పడింది గానీ, ఆ వెనకనే ఉన్న పెళ్లికొడుకు ముఖం మసకబారింది. మూడింటినీ "సరిగా రాలేదు" అన్న ఒక్క మాటతో తేల్చేసి, అలాంటివాటిలో సగానికి పైగా ఆ రాత్రే చెరిపేశాను. నా అసలు తప్పు అది. ఆ మూడు ఫొటోలు పాడవడానికి మూడు వేర్వేరు కారణాలున్నాయి, ప్రతి కారణమూ ఫొటోలో తనదైన గుర్తును వదిలిపెట్టింది, ఆ గుర్తును చదవగలిగినవారికి మరుసటిసారి ఏ మీటను ఎటు తిప్పాలో తెలిసిపోతుంది. ఈ మార్గదర్శి ఆ చదువు గురించే.

మొదటి మెట్టు: చెరపకుండా తెరిచి చూడడం

కెమెరా వెనక ఉన్న చిన్న తెర మీద దాదాపు ప్రతి ఫొటో బాగానే కనిపిస్తుంది. అందువల్ల తీసినవాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, నూరు శాతం సైజులో, అంటే ఫొటోలోని ఒక్కో చుక్క తెర మీది ఒక్కో చుక్కకు సరిపోయేలా పెంచి చూడాలి. ఆ తరువాత ఆ ఫైల్‌తో పాటే కెమెరా దాచిపెట్టే సమాచారాన్ని తెరవాలి. విండోస్‌లో ఫైల్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి డిటైల్స్ అన్న చోట చూస్తే షటర్ స్పీడ్ (షటర్ ఎంతసేపు తెరుచుకుని ఉందో), ఎపర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం ఎంత తెరుచుకుందో), ఐఎస్‌ఓ (అందిన వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపిందో), లెన్స్ ఎన్ని మిల్లీమీటర్ల వద్ద ఉందన్నది నాలుగూ కనిపిస్తాయి. ఒక నోటుపుస్తకంలో పాడైన ఫొటోకు ఒక వరుస చొప్పున ఈ నాలుగు అంకెలనూ, పక్కన ఫొటోలో కనిపించిన లోపాన్నీ రాసుకోండి. ఇరవై వరుసలు నిండేసరికి మీ తప్పుల్లో ఏవి మళ్లీ మళ్లీ వస్తున్నాయో మీకే తెలుస్తుంది. బాగా వచ్చిన ఫొటోల అంకెలు రాసుకోవడం వల్ల ఇంత లాభం ఉండదన్నది నా అనుభవం, ఎందుకంటే ఆ అంకెలు ఆ వెలుతురుకే చెల్లుతాయి.

రెండో మెట్టు: మసక ఏ రకమో తేల్చుకోవడం

కొత్తవారు మసకగా ఉన్న ప్రతి ఫొటోనూ "ఫోకస్ అవుట్ అయింది" అంటారు. నిజానికి మసక మూడు రకాలు, వాటి మందులు వేరు. ఒకదాని మందు ఇంకొకదానికి వేస్తే ఫలితం ఉండదు, కాబట్టి ఈ మెట్టు దగ్గర కొంతకాలం ఆగడం మంచిది.

మొదటిది చేతి వణుకు. ఇందులో ఫొటో అంతా, ముందున్న మనిషీ వెనకున్న గోడా కూడా, ఒకే దిశలో జరిగినట్టు ఉంటుంది. దీపాల వంటి చిన్న వెలుగు చుక్కలను పెంచి చూస్తే అవన్నీ ఒకే వైపు వాలిన చిన్న గీతలుగా, కొన్నిసార్లు ఒకే ఆకారంలో వంకర తిరిగిన కొక్కేల్లా కనిపిస్తాయి. అన్ని దీపాల కొక్కెమూ ఒకటే అయితే కదిలింది కెమెరాయే. రెండోది ఎదుటి వస్తువు కదలిక. ఇందులో వెనక ఉన్న గోడ, కుర్చీలు, అరటి పిలకలు చక్కగా ఉంటాయి, చేతులో పిల్లవాడో మాత్రం అలికినట్టు ఉంటారు. మూడోది ఫోకస్ తప్పడం. ఇందులో గీతలుండవు, వెలుగు చుక్కలు గుండ్రంగా ఉబ్బి ఉంటాయి, అంతకన్నా ముఖ్యంగా మీరు కోరని చోట, ముందో వెనకో, ఏదో ఒకటి స్పష్టంగా ఉంటుంది. ఆ స్పష్టమైన వస్తువును వెతికి పట్టుకోవడమే ఇక్కడి పరీక్ష. నాకు దొరికింది పురోహితుడి చెవి.

చేతి వణుకుకు పాతకాలపు కొలత ఇప్పటికీ పనికొస్తుంది: లెన్స్ ఎన్ని మిల్లీమీటర్లలో ఉందో, సెకనులో అన్నో వంతు కన్నా షటర్ నెమ్మదిగా ఉండకూడదు. అయితే కొత్తవారి చేతుల్లో ఎక్కువగా ఉండే ఏపీఎస్–సి, అంటే పాత ఫిల్మ్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్ ఉన్న కెమెరాలకు ఆ అంకెను నికాన్, సోనీలలో 1.5తోనూ, కానన్‌లో 1.6తోనూ హెచ్చించుకోవాలి. 55 మిల్లీమీటర్ల వద్ద తీస్తుంటే 1/80 సెకను చాలదు, 1/100 కావాలి. ఇక్కడ కిట్ లెన్స్ చేసే ఒక మోసం ఉంది. కెమెరాతో పాటు వచ్చే 18–55 లెన్స్ 18 వద్ద ఎఫ్/3.5 ఎపర్చర్ వరకు (ఈ అంకె ఎంత చిన్నదైతే రంధ్రం అంత పెద్దది) తెరుచుకుంటుంది గానీ 55కు జూమ్ చేయగానే ఎఫ్/5.6 దగ్గరే ఆగిపోతుంది. వెలుతురు సగానికి కన్నా తగ్గుతుంది, దానిని పూడ్చడానికి కెమెరా షటర్‌ను నెమ్మది చేస్తుంది, సరిగ్గా అదే సమయంలో జూమ్ వల్ల చేతి వణుకు మూడింతలై కనిపిస్తుంది. అందువల్ల చీకటి గదిలో జూమ్ తిప్పడం కన్నా రెండడుగులు ముందుకు వేయడం మేలు. లెన్స్ మీద వీఆర్, ఐఎస్, ఓఐఎస్ అని రాసి ఉండే స్థిరీకరణ సౌకర్యం చేతి వణుకును బాగానే ఆపుతుంది, కానీ ఎదుట పరుగెత్తే పిల్లవాణ్ణి ఆపలేదు. ఈ తేడా తెలియక ఆ బొత్తాన్ని నమ్ముకుని మోసపోయినవారు చాలామంది.

మూడో మెట్టు: గుప్పెడు బియ్యంతో షటర్ స్పీడ్

ఎదుటి వస్తువు కదలికను అర్థం చేసుకోవడానికి పెళ్లి దాకా ఆగనక్కర లేదు. పగటిపూట కిటికీ పక్కన ఒక పళ్లెం పెట్టి, దాని మీదికి రెండడుగుల ఎత్తు నుంచి ఇంట్లో ఒకరిని గుప్పెడు బియ్యం సన్నగా వదలమనండి. మీరు కెమెరాను షటర్ ప్రాధాన్యంలో, అంటే నికాన్, సోనీలలో ఎస్, కానన్‌లో టీవీ అన్న గుర్తు వద్ద ఉంచి, ఐఎస్‌ఓను ఆటోలో పెట్టి, 1/60, 1/250, 1/1000 సెకను వద్ద మూడు ఫొటోలు తీయండి. ఐఎస్‌ఓ చివరికంటా పెరిగినా మూడోది చీకటిగా వస్తే అదే పనిని ఎండపొడ ఉన్న వరండాలో చేయండి.

ఒక గింజ 30 సెంటీమీటర్లు కిందికి పడేసరికి సెకనుకు సుమారు 2.4 మీటర్ల వేగం అందుకుంటుంది. షటర్ 1/60 సెకను తెరుచుకుని ఉంటే ఆ లోపల గింజ 4 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది, అందుకే ఫొటోలో అది గింజ కాక గీత అవుతుంది. 1/250 వద్ద ఆ గీత సెంటీమీటరుకు తగ్గుతుంది. 1/1000 వద్ద 2.4 మిల్లీమీటర్లకు, అంటే గింజ పొడవులో సగానికి లోపు వస్తుంది, అప్పుడు గింజ గాలిలో నిలిచినట్టు కనిపిస్తుంది. నా తలంబ్రాల ఫొటో వరుస తీసి చూస్తే అక్కడ 1/80 అని ఉంది. ఆ అంకెకు గింజలు గీతలు కాక మరేమవుతాయి!

ఈ ప్రయోగం చేశాక మిగతావి ఊహకు అందుతాయి. కూర్చుని మాట్లాడుతున్న మనిషికి 1/125, నడిచేవారికి 1/250, బతుకమ్మ చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టే చేతులకు 1/500, కబడ్డీ కూతకు వెళ్లినవాడికి 1/1000 అన్నవి మొదలుపెట్టడానికి సరిపోయే అంకెలు. కొన్నిసార్లు గీతలే అందం. కోలాటం కర్రలు కాస్త చెదిరితేనే ఆటలో ఊపు కనిపిస్తుంది. అయితే కావాలని చెదరగొట్టడానికీ చేతకాక చెదరడానికీ తేడా నోటుపుస్తకానికి తెలుసు.

నాలుగో మెట్టు: స్టాప్ అనే కొలత

షటర్‌ను వేగం చేస్తే ఫొటో చీకటి అవుతుంది. ఆ లోటును ఎక్కడి నుంచి తెచ్చి పూడ్చాలన్నదే ఎక్స్‌పోజర్, అంటే ఫొటోకు అందే వెలుతురు, లెక్క మొత్తం. వెలుతురు రెట్టింపు కావడాన్నో సగం కావడాన్నో ఒక స్టాప్ అంటారు. షటర్‌లో 1/125 నుంచి 1/250కి వెళితే ఒక స్టాప్ పోతుంది, ఐఎస్‌ఓలో 400 నుంచి 800కు వెళితే ఒక స్టాప్ వస్తుంది. ఎపర్చర్ అంకెలు మాత్రం కొత్తవారిని తికమక పెడతాయి: 1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16 అన్న వరుసలో ఒక్కో అడుగూ ఒక్కో స్టాప్, అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. అది భిన్నంలో కింద ఉండే అంకె కాబట్టి పెరిగితే విలువ తగ్గుతుందని గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇప్పుడు ఒక లెక్క చేసి చూడండి. 1/125, ఎఫ్/4, ఐఎస్‌ఓ 400 వద్ద ఫొటో సరైన వెలుతురులో వచ్చింది గానీ చేతులు చెదిరాయి. షటర్ 1/500 కావాలి, అంటే రెండు స్టాప్‌లు పోతాయి. వాటిని ఐఎస్‌ఓ 1600కు పెంచి తెచ్చుకోవచ్చు, లెన్స్ అనుమతిస్తే ఎఫ్/2కు తెరిచి తెచ్చుకోవచ్చు, లేదా రెంటిలో ఒక్కొక్క స్టాప్ చొప్పున ఎఫ్/2.8, ఐఎస్‌ఓ 800 చేసుకోవచ్చు. మూడింటిలోనూ వెలుతురు సమానమే, కానీ మొదటిదానిలో నాయిస్, అంటే ఇసుక చల్లినట్టుండే గరుకుతనం పెరుగుతుంది, రెండోదానిలో ఫోకస్ లోతు, అంటే ముందు నుంచి వెనక్కి స్పష్టంగా వచ్చే మందం, తగ్గుతుంది.

ఈ మూడింటిలో కొత్తవారు అనవసరంగా భయపడేది ఐఎస్‌ఓకు. "100 దాటితే ఫొటో పాడవుతుంది" అని ఎవరో చెప్పగా విని, చీకటి గుడిలో కూడా 100 వద్దే పట్టుబట్టి, 1/8 సెకనుకు చెయ్యి వణికించుకుంటారు. నాయిస్ ఉన్న ఫొటోను ఇంట్లో గోడకు తగిలించుకోవచ్చు, వణికిన ఫొటోను తగిలించలేం. దీనికి తిరగబడ్డ తప్పు కూడా ఒకటుంది: రాత్రి పెళ్లికి 3200 పెట్టి, మరునాడు ఉదయం ఎండలో అదే అంకెతో ఫొటోలన్నీ తీయడం. ఐఎస్‌ఓను ఆటోలో ఉంచి, షటర్ 1/125 కన్నా కిందికి దిగకుండా మెనూలో హద్దు పెట్టుకోగల కెమెరా అయితే ఈ రెండు తప్పులూ ఒకేసారి పోతాయి. ఎండలో అంకెలు సవ్యంగా ఉన్నాయో లేదో సరిచూసుకోవడానికి ఒక పాత సూత్రం ఉంది: నడి ఎండలో ఎఫ్/16 పెడితే షటర్ ఐఎస్‌ఓ అంకెలో ఒక వంతు ఉండాలి, అంటే ఐఎస్‌ఓ 100కు సుమారు 1/100.

ఐదో మెట్టు: మీటర్ ఎందుకు పొరబడుతుంది

మాంగల్యధారణ ఫొటో చీకటి కావడానికి కారణం వెలుతురు లేకపోవడం కాదు. వెలుతురును కొలిచే కెమెరాలోని మీటర్‌కు ఎదుట ఉన్నది పెళ్లా పశువుల కొట్టమా అన్నది తెలియదు. తన ఎదుట ఉన్నదంతా సగటున మధ్యస్థమైన బూడిదరంగులో ఉంటుందన్న నమ్మకంతో అది లెక్క వేస్తుంది. ఫ్రేమ్ నిండా తెల్లటి మధుపర్కాలుంటే "వెలుతురు మరీ ఎక్కువైంది" అనుకుని తగ్గిస్తుంది, తెలుపు బూడిదవుతుంది, దానితో పాటు ముఖాలూ నల్లబడతాయి. ఫ్రేమ్ నిండా నల్ల గేదె ఉంటే "చీకటిగా ఉంది" అనుకుని పెంచుతుంది, గేదె బూడిదరంగుకు తిరుగుతుంది, వెనక ఉన్న ఆకాశం తెల్లగా కాలిపోతుంది.

దీన్ని కళ్లారా చూడడానికి ఒక తెల్ల తువ్వాలునూ ఒక నల్ల గొడుగునూ నీడపట్టున ఆరుబయట పరిచి, ఒక్కోదానితో ఫ్రేమ్‌ను పూర్తిగా నింపి, ఎపర్చర్ ప్రాధాన్యంలో, అంటే ఎపర్చర్ మీరు పెట్టి షటర్‌ను కెమెరాకు వదిలే మోడ్‌లో, ఫొటో తీయండి. రెండు ఫొటోలూ ఇంచుమించు ఒకే బూడిదరంగులో వస్తాయి. తరువాత ప్లస్, మైనస్ గుర్తులున్న ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మీటతో తువ్వాలుకు ప్లస్ 1, ప్లస్ 1.5 అంటూ పెంచుతూ, గొడుగుకు మైనస్ 1, మైనస్ 1.5 అంటూ తగ్గిస్తూ, తెలుపు తెలుపుగా నలుపు నలుపుగా ఎక్కడ కనిపిస్తాయో గమనించండి. తెల్లగా ఉన్నదానికి పెంచడం, నల్లగా ఉన్నదానికి తగ్గించడం మొదట విడ్డూరంగా తోస్తుంది, ఒక్క సాయంత్రం తువ్వాలుతో గడిపితే చేతికి అలవాటవుతుంది.

తెర మీద ఫొటో ఎంత వెలుగ్గా కనిపిస్తోందన్నది నమ్మదగిన ఆధారం కాదు, ఎందుకంటే ఎండలో ఆ తెరే మసకగా, రాత్రిపూట అదే తెర మితిమీరి వెలుగుతూ ఉంటుంది. దాని బదులు హిస్టోగ్రామ్‌ను, అంటే ఫొటోలో చీకటీ వెలుగూ ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్‌ను చూడాలి. ఎడమ అంచు చీకటి, కుడి అంచు తెలుపు. బొమ్మ కుడి గోడకు ఆనుకుని తెగినట్టుంటే ఆ భాగంలో వివరం పోయిందని అర్థం, దానిని తరువాత తిరిగి తేవడం చాలా కష్టం. చీకటిని మాత్రం, రా ఫార్మాట్‌లో, అంటే సెన్సర్ సమాచారాన్ని ఉన్నదున్నట్టు దాచే ఫైల్‌గా తీసి ఉంటే, కొంత నాయిస్ ఓర్చుకుని తరువాత పైకి లాగవచ్చు. కాబట్టి ఎటూ తేల్చుకోలేనప్పుడు కొంచెం అండర్, అంటే తక్కువ వెలుతురు వైపే మొగ్గండి. హోమగుండం మంట తెల్లగా కాలిపోతే ఫరవాలేదు, పెళ్లికూతురి నుదురు కాలిపోకూడదు.

ఇంకాస్త కఠినమైన పరీక్ష కావాలంటే ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడికి వెళ్లండి. 1213 నాటి ఈ గుడి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినప్పటి నుంచి అక్కడ కెమెరాలకు కొదవ లేదు. గుడి గోడలు ఎర్రటి ఇసుకరాయి, చూరు కింద వాలుగా నిలిచిన మదనికలు నిగనిగలాడే నల్లరాయి, ఆ బొమ్మల వెనక తెల్లటి ఆకాశం. కింద నిలబడి పైకి గురిపెడితే మీటర్ ఆకాశాన్నే చూసి బొమ్మను నల్లటి నీడగా మార్చేస్తుంది. ఇలాంటి చోట ఫ్రేమ్‌లో ఒక చిన్న చోటినే కొలిచే స్పాట్ మీటరింగ్‌ను ఎంచుకుని, అదే చూరు నీడలో ఉన్న ఇసుకరాయి గోడ మీద కొలత తీసుకుని, ఆ అంకెలనే మాన్యువల్ మోడ్‌లో, అంటే అన్ని అంకెలూ మీరే పెట్టే మోడ్‌లో స్థిరంగా ఉంచి మదనికను తీయాలి. గోడ రంగు మధ్యస్థానికి దగ్గరగా ఉంటుంది గనుక మీటర్ అక్కడ పెద్దగా పొరబడదు. ఆకాశం తెల్లబడుతుంది, దానిని వదులుకోవాలి.

ఆరో మెట్టు: ఫోకస్‌ను కెమెరాకు వదిలేయకపోవడం

కొత్త కెమెరా పెట్టెలోంచి తీసినప్పుడు ఫోకస్ ఎక్కడ పడాలో అదే నిర్ణయించుకునే స్థితిలో ఉంటుంది. అది చాలావరకు తనకు దగ్గరగా, రంగుల తేడా గట్టిగా ఉన్న అంచును పట్టుకుంటుంది. పురోహితుడి చెవి ఆ రెండు అర్హతలూ సంపాదించుకుంది. మెనూలోకి వెళ్లి ఒకే ఫోకస్ పాయింట్‌ను ఎంచుకోండి, దానిని వేలితో జరిపి మనిషి కంటి మీద, రెండు కళ్లలో మీకు దగ్గరగా ఉన్న కంటి మీద ఉంచండి. కళ్లను తానే గుర్తుపట్టే కొత్త మిర్రర్‌లెస్ కెమెరాలు ఈ పనిని సులువు చేశాయి గానీ, మండపం మీద ఎనిమిది ముఖాలుంటే ఎవరి కన్నన్నది మీరే చెప్పాలి.

ఫోకస్ లోతు ఎంత పలచగా ఉంటుందో ఒకసారి అంకెల్లో చూస్తే జాగ్రత్త దానంతటదే వస్తుంది. ఏపీఎస్–సి కెమెరా మీద 50 మిల్లీమీటర్ల లెన్స్‌ను ఎఫ్/1.8 వద్ద ఉంచి మీటరున్నర దూరంలోని మనిషిని తీస్తే, స్పష్టంగా వచ్చే మందం సుమారు ఆరున్నర సెంటీమీటర్లు. ముక్కు నుంచి చెవి దాకా కూడా చాలదు. ఎఫ్/4కు మూస్తే అది 14 సెంటీమీటర్లు దాటుతుంది. వెనకభాగం అందంగా మసకబారుతుందని కొత్త లెన్స్‌ను ఎప్పుడూ 1.8 వద్దే ఉంచేవారు ఈ ఆరున్నర సెంటీమీటర్లలోనే బతుకుతుంటారు. మూడు వరుసల్లో నిలబడిన బంధువుల గ్రూప్ ఫొటోకు ఎఫ్/8 పెట్టి ముందు వరుసలోని ముఖం మీదనో, రెండో వరుస ముందంచు మీదనో ఫోకస్ చేయాలి. అలాగని ఎఫ్/22 దాకా పోకండి, రంధ్రం మరీ చిన్నదైతే కాంతి వంగి మొత్తం ఫొటో మెత్తబడుతుంది.

ఇంకో తప్పు కదలికకు సంబంధించినది. బొత్తాన్ని సగం నొక్కి ఫోకస్ పట్టుకున్నాక మీరు కాస్త ముందుకు ఊగినా, ఎదుటివారు తల వంచినా ఆ ఆరున్నర సెంటీమీటర్లు దాటిపోతారు. నిశ్చలంగా ఉన్నవాటికి ఒకసారి ఫోకస్ పట్టి ఆగిపోయే ఏఎఫ్–ఎస్ మోడ్, కానన్‌లో వన్ షాట్. కదిలే ప్రతిదానికీ ఫోకస్‌ను వెంటాడుతూ ఉండే ఏఎఫ్–సి, కానన్‌లో సర్వో. హోమం పొగ మధ్యలో, తెల్లటి గోడ మీద, గాజు తలుపు అవతల ఫోకస్ అటూ ఇటూ వెతుక్కుంటుంటే అదే దూరంలో ఉన్న పట్టు అంచు లాంటి గట్టి గీతను పట్టుకుని అక్కడ ఫోకస్ చేయండి. అసలు ఎంతకీ ఫోకస్ పడకపోతే మీరు మరీ దగ్గరగా ఉన్నారేమో చూసుకోండి, 50 లెన్స్‌లు చాలావరకు 35 నుంచి 45 సెంటీమీటర్ల లోపు పట్టుకోలేవు. లెన్స్ పక్కనుండే మీట పొరపాటున మాన్యువల్ ఫోకస్‌కు జరగడం కూడా మామూలే. అలాగే వేసవిలో విశాఖపట్నంలోనో కాకినాడలోనో ఏసీ గదిలోంచి కెమెరాను నేరుగా బయటికి తెస్తే లెన్స్ మీద ఆవిరి పేరుకుంటుంది. దానిని బట్టతో తుడిచి లాభం లేదు, మూసిన సంచిలోనే అరగంట బయట ఉంచి తీయాలి.

ఏడో మెట్టు: కల్యాణమండపంలో ఎల్‌ఈడీ దీపాలు

షటర్‌ను 1/500కు పెంచాక ఫొటోలో అడ్డంగా చీకటి పట్టీలు కనిపిస్తే కెమెరా చెడిపోయిందని కంగారుపడకండి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది, చౌకరకం ఎల్‌ఈడీ దీపాలు దానికి తగ్గట్టు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతాయి. 1/100 సెకను తెరిచి ఉంచితే ఒక పూర్తి హెచ్చుతగ్గు అందులో ఇమిడిపోతుంది, 1/50 అయితే రెండు ఇమిడిపోతాయి. 1/500కు మాత్రం అందులో ఒక ముక్కే దొరుకుతుంది. కూర్చున్నవారికి 1/100 పెట్టి పని జరుపుకోవచ్చు. తలంబ్రాలకు అది చాలదు కాబట్టి, మెనూలో ఈ హెచ్చుతగ్గులను తప్పించే యాంటీ ఫ్లికర్ ఉంటే దానిని వేసి, ఎలక్ట్రానిక్ షటర్ బదులు మెకానికల్ షటర్ వాడి, వరసగా పది ఫొటోలు తీసి మంచిదాన్ని ఏరుకోవాలి.

ఎనిమిదో మెట్టు: ఏ మోడ్‌లో మొదలుపెట్టాలి

"నిజమైన ఫొటోగ్రాఫర్ మాన్యువల్‌లోనే తీస్తాడు" అన్న సలహాతో నేను ఏకీభవించను. మూడు మీటలూ ఒకేసారి తిప్పేవాడికి ఫొటో ఎందుకు పాడైందో ఎన్నటికీ తెలియదు. మొదటి నెల ఎపర్చర్ ప్రాధాన్యంలో, ఐఎస్‌ఓ ఆటోలో ఉంచి ఫోకస్ లోతు ఒక్కదాన్నే నేర్చుకోండి. కదిలేవాటి కోసం షటర్ ప్రాధాన్యానికి మారండి. వెలుతురు మారకుండా, ఎదుట రంగులు మాత్రం మారుతూ ఉండే చోట, ఉదాహరణకు తెల్ల మధుపర్కాలూ ఎర్ర పట్టుచీరలూ ఒకదాని వెంట ఒకటి వచ్చే మండపంలో, మాన్యువల్ నిజంగా ఉపయోగపడుతుంది. అక్కడ ఐఎస్‌ఓను ఆటోలోంచి తీసేయడం మరిచిపోకండి, లేకపోతే మీటర్ వెనకదారిన మళ్లీ లోపలికి వస్తుంది.

గత ఏడాది మా ఇంట్లోనే మరో పెళ్లి జరిగింది. వీడియో దీపాల వెలుతురులో ముందుగానే కొలత తీసుకుని తలంబ్రాలకు 1/500, ఎఫ్/1.8, ఐఎస్‌ఓ 1600 పెట్టాను. గింజలు గీతలు కాలేదు, మధుపర్కాలు తెల్లగా వచ్చాయి. నూరు శాతానికి పెంచి చూస్తే మాత్రం పెళ్లికూతురి నుదుటి మీది బాసికంలో పూసలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టవచ్చు, రెండు వేళ్లు వెనక ఉన్న కళ్లు మెత్తబడ్డాయి. మెరిసేదాన్ని చూసి పాయింట్ అక్కడికే పోయింది, దూరం మీటరుకు కాస్త ఎక్కువ, స్పష్టమైన మందం నాలుగు సెంటీమీటర్లు. నోటుపుస్తకంలో ఆ వరుస పక్కన "బాసికం – ఎఫ్/4, ఐఎస్‌ఓ 8000" అని రాసుకున్నాను.